మైదాపిండి దివాణం

అమెరికా వచ్చాక నేను మొట్టమొదట మనసు పారేసుకున్నది ఒక భోజనాల హాలు మీద. మనుషుల మీద పారేసుకోవడానికి తీరికెక్కడిది? డెబ్బైల చివర్లో తూర్పు తీరాన ఒక పాత కాలేజీలో ఆర్కిటెక్చర్ మాస్టర్స్‌కి చేరాను. మొదటి వేసవి సెలవుల్లో మా ప్రొఫెసరు నా చేతికి ఒక టేపూ ఒక నిచ్చెనా ఇచ్చి, కాలేజీ డైనింగ్ హాలుకి రిపేర్లు మొదలుపెడతారు, అంగుళం వదలకుండా కొలిచి బొమ్మలు గీసుకురమ్మన్నారు.

రెండున్నర నెలలు ఆ హాల్లోనే కాపురమున్నాను. ఎత్తయిన కప్పు, నల్లటి ఓక్ దూలాలు. ఒక కొసన మెట్టంత ఎత్తులో వేదిక, దాని మీద పెద్దవాళ్లు కూర్చునే బల్ల, పక్కనే నేల నుంచి కప్పు దాకా ఒక కిటికీ. రెండో కొసన చెక్కతో చేసిన పెద్ద తెర, దానికి రెండు గుమ్మాలు, వెనకాల ఒక సందు. ఇదంతా ఇంగ్లండు పల్లెటూళ్లలోని మేనర్ హౌసుల నుంచి ఎత్తుకొచ్చిన సరుకని ప్రొఫెసరు చెప్పేదాకా నాకు తెలియదు. మేనర్ అంటే మన లెక్కలో దివాణం. అయిదారువందల ఏళ్ల కిందట దొరా, దొరసానీ, పాలేళ్లూ, వచ్చేపోయేవాళ్లూ అందరూ ఒకే హాల్లో కూర్చుని తినేవారట. దొర వేదిక మీద, మిగిలినవాళ్లు కింద వరసల్లో. అంటే మన బంతి భోజనాలే. వంటిల్లు మాత్రం తెర వెనక, సందు దాటి దూరంగా ఉండేది. పొగా, వాసనా, నిప్పు భయమూ దొరగారి దాకా రాకూడదని. ఆ దివాణాల్ని చూసి ఇంగ్లండులో కాలేజీలు కట్టారు. ఆ కాలేజీల్ని చూసి అమెరికావాళ్లు వాళ్ల కాలేజీలు కట్టుకున్నారు.

తమాషా ఏమిటంటే, మా కాలేజీలో తెర ఉంది, సందు ఉంది, సందు దాటాక వంటిల్లు లేదు. చీపుళ్లు పెట్టుకునే కొట్టు ఉంది. వంటంతా నేలమాళిగలో జరిగి లిఫ్టులో పైకి వచ్చేది. రాతిమెట్లు చూస్తే మధ్యలో గుంటలు పడి ఉండేవి. ఎంతమంది పండితులు తొక్కిన మెట్లో అనుకుని మొదటి వారం అక్కడ చెప్పులు విప్పినంత పని చేశాను. తీరా చూస్తే ఆ గుంటలు కట్టిననాడే మేస్త్రీల చేత అరగదీయించినవి, పాతగా కనపడాలని. మా కాకినాడలో పాత ఇంటికి సున్నం కొట్టి కొత్తగా చూపించుకుంటారు. ఇక్కడ కొత్త ఇంటిని గీకి పాతగా చూపించుకుంటున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ప్రతి వస్తువునీ "నువ్వెందుకున్నావు?" అని అడగమనేవారు మా ప్రొఫెసరు. ఆ జవాబు తెలియకుండా కాపీ కొడితే అది ఇల్లు కాదు, వేషం అనేవారు. నేను బుద్ధిగా నోట్సు రాసుకున్నాను. నోట్సు రాసుకున్నంత మాత్రాన బుర్రలోకి ఎక్కుతుందా?

చదువయ్యాక డాలస్‌లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎనభైల మొదటి రోజులు. ఆయిల్‌లో బాగుపడ్డవాళ్లందరూ ఊరి బయట ఎకరాలు కొనుక్కుని ఇళ్లు కట్టిస్తున్నారు. కట్టించే ప్రతివాడికీ మేనర్ హౌసే కావాలి. మా బాసు అచ్చమైన టెక్సాస్ మనిషి. తోలు బూట్లు, వెడల్పు టోపీ, గడ్డిపరక నమిలినట్టు నెమ్మదిగా నమిలి వదిలే మాటలు. ఆయన నాకిచ్చిన పని పొగగొట్టాలు గీయడం. ఇంటికి నాలుగు పొగగొట్టాలు, అందులో మూడింటి కింద పొయ్యి ఉండదు. ఇటుక గోడ మీద చెక్క ముక్కలు అతికించి అవే దూలాలని జనాన్ని భ్రమపెట్టడం రెండో పని. బయట నూట నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండ కాస్తుంటే నేను ఏసీలో కూర్చుని చలిమంట గూళ్లు గీసేదాన్ని. అలా రెండేళ్లు గడిచాయి. నా గీత బాగుందని మెచ్చుకుంటూనే బాసు ఇంకో పొగగొట్టం నా బల్ల మీద పెట్టేవాడు.

అప్పుడు దొరికారు డాక్టరుగారు. తెనాలి వైపు మనిషి, అప్పటికి పదేళ్లుగా డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ప్రాక్టీసు. శనాదివారాల్లో ఎవరో ఒకరింట్లో తెలుగువాళ్లం కలిసేవాళ్లం. అక్కడ పరిచయం. ఊరికి ఉత్తరాన రెండెకరాలు కొన్నానని, ఇల్లు కట్టించాలని చెప్పి, నేను కాలేజీ హాలు కొలిచిన కథ విని కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అమ్మాయ్, నేను రెసిడెన్సీ చేసింది అట్లాంటి కాలేజీ పక్క హాస్పిటల్లోనే" అన్నారు. "డ్యూటీ అయ్యాక సాయంత్రం ఆ డైనింగ్ హాల్ కిటికీల ముందు నుంచే రూమ్‌కి పోవాలి. లోపల లైట్లు, పొడుగు బల్లలు, అందరూ నవ్వుకుంటా తింటా ఉండేవాళ్లు. మూడేళ్లు చూశా. ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. మనం ఆ కాలేజీవాళ్లం కాదు కదా. ఇప్పుడు నా ఇంట్లో అట్లాంటి హాల్ కావాలి. మనవాళ్లు యాభై మంది ఒకేసారి కూచుని తినాలి."

నాకు ఒక్కసారిగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన కిటికీ బయట నుంచి చూసినటువంటి హాలు నా పెట్టెలో కాగితాల మీద అంగుళాలతో సహా చుట్టి ఉంది. ఇచ్చేదాన్ని నేను, పుచ్చుకునేవాడు ఆయన. ఇంతకంటే ఏం కావాలి?

సోమవారం బాసుకి చెప్పాను. ఆయన టోపీ వెనక్కి తోసుకుని, "మీ డాక్టరు ప్లాను మీద సంతకం పెడితే ఆ ఇల్లు నీదే. అప్పట్నుంచి నువ్వు డిజైన్ టేబుల్ దగ్గరే కూర్చుంటావు" అన్నాడు. "పెట్టకపోతే?" అన్నాను. "పొగగొట్టాలు ఎక్కడికీ పోవుగా" అన్నాడు. ఆ సంతకం కోసం నేను అయిదు నెలలు పడిన పాట్లు పగవాళ్లకి కూడా వద్దు.

డాక్టరుగారి భార్యని నేను అక్కయ్య అనేదాన్ని. నలభై దాటిన మనిషి, గట్టి చెయ్యి, తక్కువ మాట. వాళ్లింట్లో నలభై మంది భోజనాలంటే వేపుళ్లూ తాలింపులూ గ్యారేజీలోనే. ఇంట్లో నూనె కాగిందంటే స్మోక్ అలారం ఊరంతా లేపేది, కార్పెట్‌కి పట్టిన ఇంగువ వాసన వారం దాకా వదిలేది కాదు. అందుకని ఆవిడ రెండు కార్ల మధ్య ఒక కరెంటు పొయ్యి పెట్టుకుని, షట్టరు సగం ఎత్తి, ఎండలో అయినా చలిలో అయినా అక్కడే నిలబడి అప్పడాలు వేయించేది. ప్లాను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఉప్మా పెట్టేది, కాఫీ ఇచ్చేది. "మీరేమంటారు అక్కయ్యా?" అంటే, "నాకేం తెలుసమ్మా, మీరెట్లా అంటే అట్లానే" అనేది. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను దాన్ని పూర్తి అంగీకారం చేసేసుకున్నాను. ఇన్ని డిగ్రీలు చదివిన తెలుగు ఆడపిల్లని, ఆ ఇంట్లో పొయ్యి ఎక్కడుండాలో ఆ పొయ్యి ముందు నిలబడే మనిషిని రెండోసారి అడగాలని తోచలేదు.

తోచకపోగా, ఆవిడకేదో మహోపకారం చేస్తున్నానని మురిసిపోయాను. మేనర్ ప్లానులో మన తాలింపు సమస్యకి మందు ఉంది కదా! పొడుగాటి హాలు, ఒక కొసన డాక్టరుగారికి వేదిక, రెండో కొసన చెక్క తెర, తెర వెనక సందు, సందు దాటాక సామాన్ల గది, ఆ తరవాత వంటిల్లు. ఎన్ని మిరపకాయలు మాడినా హాల్లో కూర్చున్నవాడు తుమ్మడు. డాక్టరుగారు ఎగిరి గంతేశారు. "అక్కయ్యా, ఇంక మీకు గ్యారేజీ బాధ తీరిపోయింది" అన్నాను. ఆవిడ ప్లాను కేసి కాసేపు చూసి, "బాగుంది" అంది. ఆ మాట నాకు బ్రహ్మాండంగా వినిపించింది.

సంతకం పెట్టే ముందు డాక్టరుగారు ఒక మెలిక పెట్టారు. "మన దగ్గర మేస్త్రీ ముగ్గు పోసి చూపిస్తాడు. కాగితం మీద గీతలు చూస్తే ఏం తెలుస్తది? నేల మీద ముగ్గు పోసి చూపించు. వచ్చే ఆదివారం శంకుస్థాపన ముహూర్తం ఉంది. మనవాళ్లందర్నీ పిలుస్తా, ఆ ముగ్గులోనే భోజనాలు. చూసుకుని సోమవారం సంతకం పెడతా" అన్నారు.

ముగ్గు పోయడమంటే పునాది తీసే ముందు ఇంటి గోడలన్నీ నేల మీద సున్నంతో గీసి చూసుకోవడం. టెక్సాస్‌లో ఆ సున్నం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. గ్రోసరీ స్టోర్‌కి వెళ్లి అయిదేసి పౌండ్ల మైదాపిండి సంచులు నలభై కొన్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి సంచులకేసీ నా కేసీ చూసి, "ఎన్ని కేకులు చేస్తున్నారు?" అంది. "ఒకటే, కొంచెం పెద్దది" అన్నాను. బేస్‌బాల్ మైదానాల్లో గీతలు గీసే సున్నంపొడి పక్క వీధిలోనే అమ్ముతారని మా బాసు తరవాత చెప్పి, చాలా రోజులు నవ్వాడు.

నవంబరు ఆదివారం. ఎండ హాయిగా ఉంది, గాలి మాత్రం నా పిండిని సగం ఓక్లహోమా వైపు ఎగరేస్తోంది. పొద్దున్నే వెళ్లి, మేకులు పాతి, తాళ్లు కట్టి, హాలూ వేదికా తెరా సందూ వంటిల్లూ అన్నీ గడ్డి మీద తెల్లగా పోశాను. పడకగదులకి వచ్చేసరికి పిండి చాలక చుక్కలు పెట్టి సరిపెట్టాను. పన్నెండు కుటుంబాలు వచ్చాయి. పురోహితుడు దొరక్క మంత్రాలు టేప్‌రికార్డర్‌లో పెట్టారు. బాసు కూడా వచ్చాడు, ఇస్త్రీ చేసిన చొక్కాతో.

మనవాళ్లకి ముగ్గు కనిపిస్తే చాలు, గోడ లేచినట్టే. ఎవరూ గీత దాటలేదు. వీధి గుమ్మం దగ్గర చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చారు. లాస్ కోలినాస్‌లో పనిచేసే ఒక ఇంజనీరుగారు మర్చిపోయి నేరుగా హాల్లోకి నడిచొస్తే, "ఏవండీ, గోడలోంచి వస్తన్నారేంటి! గుమ్మం అటు" అని ఆయన భార్య కేకేసింది. ఆయన నాలిక్కరుచుకుని వెనక్కి పోయి గుమ్మంలోంచి వచ్చారు. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది.

హాల్లో దుప్పట్లు రెండు వరసలుగా పరిచి అందరూ కూర్చున్నారు. వేదిక ఉండాల్సిన చోట కూర్చున్న డాక్టరుగారి మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. మూడేళ్లు కిటికీ అవతల నిలబడిన మనిషి ఆరోజు లోపలికి వచ్చేశాడు. ఆ సంతకం ఇంక నా జేబులో ఉన్నట్టే అనుకున్నాను.

అక్కయ్య గిన్నెలన్నీ కారులోంచి దింపించి, పిండిగీతల వంటింట్లో పెట్టించింది. హాల్లోనే పెట్టేసుకోవచ్చు కదా అని ఎవరో అంటే, "వద్దు. ఇల్లు ఎట్లా ఉంటదో తెలియాలంటే ఉన్నట్టే వడ్డించాలి" అంది. ఆవిడ సాంబారు బకెట్టు, నేను అన్నం గిన్నె. వంటింటి గుమ్మం దాటి, సామాన్ల గది పక్క నుంచి సందులోకి తిరిగి, తెర గుమ్మంలోంచి హాల్లోకి, అక్కణ్ణుంచి వేదిక దాకా. మళ్లీ వెనక్కి. మొదటిసారి సరదాగానే ఉంది. రెండోసారి పప్పు, మూడోసారి కూర. నాలుగోసారి పెరుగు తీసుకెళ్లడానికి వచ్చేటప్పటికి ఆవిడకి ఆయాసం వచ్చింది. వంటింటి మధ్యలో గడ్డి మీద చతికిలబడింది. నేనూ కూర్చున్నాను.

అవతల హాల్లో డాక్టరుగారు ఏదో చెబుతున్నారు. చేతులు ఊపుతున్నారు. ఒక్కసారిగా అందరూ పడీ పడీ నవ్వారు. మా దగ్గరికి ఆ నవ్వు గాలిలో ఒక ముక్క మాత్రం వచ్చింది.

"ఏమన్నారు?" అంది అక్కయ్య.

"వినపడలేదు అక్కయ్యా."

"ఇక్కడికి వినపడదు కదూ."

 ఆర్కిటెక్టుని కదా, వాదించాను. "దూరంగా ఉండటమే మంచిదక్కయ్యా. తాలింపు వాసన అటు రాదు."

"వాసన రాదు" అంది ఆవిడ. "నేనూ రాను."

 మళ్లీ ఆవిడే అంది, కోపం లేకుండా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు. "పదేళ్ల నుంచి మా ఇంట్లో అందరూ నవ్వుతానే ఉన్నారమ్మాయ్. ఎందుకు నవ్వారో నాకు ఒక్కటీ తెలియదు. కారు పక్కన నిలబడి అప్పడాలు వేయించా. ఇప్పుడు నువ్వు ఆ గ్యారేజీకే కిటికీలు పెట్టి, టైల్స్ వేసి ఇస్తన్నావు."

సిగ్గుతో చచ్చిపోయాను. అది మామూలు సిగ్గు కాదు. దొర దాకా వాసన రాకూడదని అయిదువందల ఏళ్ల కిందట ఎవరో కట్టిన సందుని, ఎందుకున్నావని అడగకుండానే తెచ్చి ఈవిడకి అంటగట్టాను. తెర వెనక వంటవాళ్లు దొరగారి జీతగాళ్లు. ఈవిడ ఈ ఇంటి దొరసాని కదా! అంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. కాలేజీ మెట్లని వెక్కిరించిన దాన్ని నేనే.

"అయితే ఎక్కడ కావాలి అక్కయ్యా?" అన్నాను. 

ఆవిడ లేచింది. మిగిలిన పిండి సంచి ఒకటి చంకన పెట్టుకుని, సందు దాటి, తెర దాటి, తింటున్న బంతి మధ్యలోకి నడిచింది. జనం విస్తళ్లు ఎత్తుకుని జరిగారు. హాలు పొడుగునా ఉన్న గోడకి సరిగ్గా మధ్యలో నిలబడి, తన చుట్టూ పిండి ఒంపుకుంటూ ఒక చదరం గీసింది. తరవాత అందులో చిన్న గీత గీసి, "ఇది పొయ్యి" అంది. పక్కన ఇంకో గీత. "ఇది అరుగు. కూచుని కూర తరుక్కోడానికి. మొహం ఇటు."

"అది నా హాల్!" అని కేకేశారు డాక్టరుగారు.

"మీ హాలే. ఎవరు కాదన్నారు? నేనూ మీ హాల్లోనే ఉంటా" అంది.

 పక్కనున్న బాసు నా చెవి దగ్గరికి వంగి, ఆవిడ ఏం చేస్తోందని అడిగాడు. అయిదు నెలల కష్టం, డిజైన్ టేబులు, అన్నీ గాలికి ఎగిరిపోతున్న పిండిలో కనిపించాయి. "ఇది మా పూజలో భాగం" అన్నాను. ఆయన వెంటనే టోపీ తీసి గుండెలకి ఆనించుకుని, తల వంచి నిలబడ్డాడు. అక్కయ్య అరుగు కొలత సరిచూసుకుని సంచి దులిపేదాకా అలాగే నిలబడ్డాడు పాపం. ఆయన్ని చూసి మనవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎంగిలి చేతులతో.

ఆరోజు డాక్టరుగారు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, ఈలోపు అక్కయ్య చెప్పిందో ఏమో, నన్ను పక్కకి పిలిచి, "ఆవిడకి గ్యారేజీలో మన మాటలు వినపడవని నీకు ముందే తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. "నాకూ తెలియదు" అన్నారు. "పదేళ్లు." ఆ మాటని కారెక్కారు.

సోమవారం సంతకం లేదు. బాసు గదిలోకి వెళ్లి నిజం ఒప్పేసుకున్నాను. అది పూజ కాదని, నేను గీసిన ప్లాను ఆ ఇల్లాలికి పనికిరాలేదని, తప్పు నాదని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే నేను మైదాపిండికి టోపీ తీశానా?" అన్నాడు. "అవును" అన్నాను. కుర్చీ వెనక్కి వాలి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వాక, "పది రోజులిస్తాను. హాలు మధ్యలో పొయ్యి పెట్టి, పొగ ఎలా పంపిస్తావో గీసి చూపించు. చేతకాకపోతే నీ పాత బల్ల నీకుంది" అన్నాడు.

ఆ పది రోజులూ నా కాలేజీ కాగితాలన్నీ తిరగేశాను. ఒక మూల నా చేతిరాతే కనపడింది. బాగా పాతకాలపు మేనర్లలో తెర వెనక హంగులేమీ రాకముందు, మంట హాలు మధ్యలోనే ఉండేదట. పొగ కప్పులోని కంతలోంచి పోయేదట. చిన్న ఇళ్లలో వంటా అక్కడే, తిండీ అక్కడే, కబుర్లూ అక్కడే. దూరంగా వంటిల్లు తరవాత్తరవాత వచ్చిన వైభోగం. ప్రొఫెసరు చెబుతూంటే రాసుకుని మర్చిపోయాను. అక్కయ్య ఏ క్లాసుకీ వెళ్లకుండా, మైదాపిండితో నేరుగా అక్కడికే వెళ్లింది. దివాణాలన్నిటికీ ముందున్న ఇంటికి.

హాలు పొడుగు గోడకి మధ్యలో ఒక పెద్ద ఇటుక పొగగొట్టం గీశాను. దాని కడుపులో గట్టి ఫ్యాను, కింద నాలుగు పొయ్యిల స్టవ్వు, స్టవ్వు పక్కన మోకాలెత్తు ఇటుక అరుగు, హాలుకి ఎదురుగా. తెరా సందూ కొట్టేశాను. రెండేళ్లలో నేను గీసిన పొగగొట్టాల్లో రోజూ పనికొచ్చేది అదొక్కటే. డాక్టరుగారు ప్లాను చూసి, సంతకం పెట్టబోయి, పెన్ను అక్కయ్య చేతికిచ్చారు. ఆవిడ చెంగుతో చెయ్యి తుడుచుకుని, తెలుగులో పెట్టింది. ఆఫీసులో ఆ కాగితం చూసి బాసు, ఇది చెల్లుతుందా అని అడిగాడు. చెల్లుతుందన్నాను. డిజైన్ టేబులు దగ్గర నా కుర్చీ ఆ వారమే మారింది.

ఏడాది తిరక్కుండా ఇల్లు లేచింది. ఆ హాల్లో భోజనాలు ఎలా ఉండేవో అప్పటి డాలస్ తెలుగువాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. ఒక్క డాక్టరుగారికే కొంచెం నష్టం. వేదిక మీద కూర్చుని ఆయన కథ మొదలుపెట్టగానే అరుగు మీద బెండకాయలు తరుగుతూ అక్కయ్య, "అట్లా కాదండీ జరిగింది" అనేది. అసలు కథ ఆవిడ చెప్పేది. ఆవిడ చెబితేనే ఎక్కువ నవ్వొచ్చేది. తక్కువ మాట మనిషని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు.

మా బాసుకి ఆ పొయ్యీ అరుగూ తెగ నచ్చాయి. తరవాత వచ్చిన నలుగురైదుగురికి అవే చూపించి, అమ్మి పెట్టాడు. మా ఇళ్లు చూసి ఇంకో ఆఫీసువాళ్లు గీశారు. వాళ్లని చూసి బిల్డర్లు. దివాణం నుంచి కాలేజీకి, ఆ కాలేజీ నుంచి అమెరికాకి పాకినట్టే ఇదీ పాకింది. ఇంకో మూడేళ్లకి ఒక ఆదివారం అక్కయ్య, నేనూ కార్లో వెళ్తున్నాం. ఫ్రిస్కో దారిలో, అప్పటిదాకా పొలాలున్న చోట, కొత్త కాలనీకి జెండాలు కట్టారు. మోడల్ ఇల్లు చూసి పోవడమంటే ఆవిడకి సరదా. దిగాం.

బయట అతికించిన దూలాలు, మూడు ఉత్తుత్తి పొగగొట్టాలు. లోపల హాలు, పక్కన వంటిల్లు, స్టవ్వు పక్కన మోకాలెత్తు ఇటుక అరుగు. కొలత కూడా మనదే. దాని మీద ఒక రాగి పూలకుండీ. ఇల్లు చూపిస్తున్న అమ్మకందారావిడ దాన్ని ఆప్యాయంగా తట్టి, ఇది ఇంగ్లీషు మేనర్ హౌసుల్లోంచి వచ్చిందని, అయిదువందల ఏళ్ల సంప్రదాయమని చెప్పింది. నేను నోరు తెరవబోతే అక్కయ్య నా చెయ్యి గిల్లింది. నవ్వాపుకోలేక ఇద్దరం కిటికీ కేసి చూశాం.

తరవాత ఆవిడ పూలకుండీ పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుంది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. స్థలానికి సరిపోవడానికి బిల్డరు ప్లానులో వంటింటిని వెనక్కి తిప్పేశాడు. అరుగు ఉంది కానీ, హాలుకి వీపు పెట్టి ఉంది.

"అమ్మాయ్, ఇక్కడ కూచుంటే ఫ్రిజ్ తప్ప ఏమీ కనపడట్లేదు" అంది అక్కయ్య. "ఈ ఇంటికి ఎవరొస్తారో ఏమో. ఆవిణ్ణి గోడకేసి కూచోబెట్టారు, పాపం."

ఇలాంటివి ఇంకా ఎన్ని కడుతున్నారని అమ్మకందారావిణ్ణి అడిగాను. ఈ వీధిలోనే ఇరవై రెండు అంది. బిల్డరు ఎప్పుడొస్తాడని అడిగాను. ఇంకో గంటలో అంది. నేను ఆవిడిచ్చిన బ్రోచరు వెనక్కి తిప్పి, సంచిలోంచి పెన్సిలు తీసి, అక్కయ్య పక్కనే ఆ అరుగు మీద కూర్చున్నాను.

"చెప్పండి, ఎటు తిప్పమంటారు?" అన్నాను.